మురుగు గొట్టంలో వాన

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. చిన్నా పెద్దా అందరికీ ఆమె పొగమ్మ. డ్రైనేజీ విభాగంలో తనిఖీ ఉద్యోగం ఆమెది. నేల కింది మురుగు గొట్టంలోకి పొగ వదిలి, ఆ పొగ ఎవరి డాబా మీంచి పైకి లేస్తుందో చూసి రాసుకోవడం అందులో ముఖ్యమైన పని. ఒకసారి బళ్లో టీచరు "మీ అమ్మ ఏం చేస్తుంది?" అని అడిగితే, ఆమె కూతురు లేచి నిలబడి "అందరిళ్లకీ పొగ పెడుతుంది" అని క్లాసంతా నవ్వించింది. ఆ మాట ఎలాగో ఆఫీసుకు చేరింది, ఆఫీసు నుంచి వీధుల్లోకి దిగింది. అప్పట్నుంచీ అదే పేరు.

పేరు మీద ఆమెకు కోపం లేదు. కోపమంతా టీ జాయింట్ల మీద.

వీధి కింద వేసిన మురుగు గొట్టం జానెడు వెడల్పు. స్నానాల గది నీళ్లు, వంటింటి నీళ్లు, మరుగుదొడ్ల నీళ్లు పోవడానికి సరిపోయేలా చూసి వేశారు. వాన నీళ్ల దారి వేరు, రోడ్డు పక్కనే కాలువ ఉంది. డాబా మీద పడ్డ వాన గొట్టంలోంచి దిగి, వాకిలి దాటి, ఆ కాలువలో పడాలి. అయితే వాకిలి తవ్వి, పరిచిన రాళ్లు లేపి, కాలువ దాకా గొట్టం లాగడం పెద్ద తతంగం. డాబా గొట్టం దిగే చోటికి రెండడుగుల దూరంలోనే ఇంటి మురుగు గొట్టం పోతూ ఉంటుంది. రెంటినీ ఇంగ్లీషు టీ అక్షరంలా మూడు మూతులుండే ఒక టీ జాయింటుతో కలిపేస్తే ఒక్క పూట పని. వాకిలి శుభ్రంగా ఉంటుంది, ఇంటాయన మీసం దువ్వుకుంటాడు, మేస్త్రి ఇంకో ఇంటికి పోతాడు.

ఎండ కాసినన్నాళ్లూ ఏ తేడా తెలియదు. గట్టి వాన పడిందా, అన్ని డాబాల నీళ్లూ ఆ జానెడు గొట్టంలోకి ఒక్కసారే దూకుతాయి. గొట్టం పట్టదు. పట్టని నీళ్లు ఎక్కడో ఒకచోట పైకి రావాలి కదా. అవి వీధి చివర, అందరికన్నా పల్లంలో ఉన్న కుట్టు పిన్నిగారింట్లోకి వస్తాయి. వట్టి వాన నీళ్లుగా కూడా రావు. పైనున్న యాభై ఇళ్ల మురుగును వెంటబెట్టుకుని వస్తాయి.

కుట్టు పిన్నిగారికి అరవై దగ్గర పడింది. రెండు గదుల ఇల్లు, రెండు కుట్టు మిషన్లు, ఒక్క మనిషి. మబ్బు పట్టగానే వీధిలో మిగతా ఆడవాళ్లు ఆరేసిన బట్టలు తీయడానికి డాబా ఎక్కితే, ఆవిడ చెక్క మూతకు పాత గుడ్డలు చుట్టి మరుగుదొడ్డి రంధ్రం మీద పెట్టి, దాని మీద రుబ్బురాయంత బండ దొర్లించేది. నీళ్లు బండను కూడా జరుపుకుని వచ్చేవి. ఆవిడ ఆఫీసుకు వచ్చి ఫిర్యాదు రాసిచ్చినప్పుడల్లా తీసుకున్నది పొగమ్మే. నాలుగేళ్లలో పదమూడు కాగితాలు. పదమూడింటిలోనూ అవే మాటలు. చివరి మూడింటిలో మాత్రం "దయచేసి" అనే మాట లేదు.

పోయిన వేసవి చివర్లో ఆ వీధికి పొగ పరీక్ష మంజూరైంది. మూడు రోజుల ముందే ఆమె ఇంటింటికీ తిరిగి కాగితాలు పంచింది. ఫలానా పొద్దున పొగ వస్తుంది, హాని లేదు, భయపడకండి అని పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంది. ఎవరూ చదవలేదు. ఒకాయన ఆ కాగితంతో స్కూటరు సీటు తుడవడం ఆమె కళ్లారా చూసింది.

ఆ పొద్దున ఆమె, మూతల మామ కలిసి వీధికి రెండు చివర్లా గొట్టాన్ని ఇసుక మూటలతో మూశారు. మూతల మామ ఆమెతో పాటు పనిచేసే పెద్దాయన. ముప్పై ఏళ్లుగా మ్యాన్‌హోల్ మూతలు ఎత్తీ ఎత్తీ తన నడుము కూడా ఇనుమైపోయింది, ఇక వంగదు అంటాడు. వంగాల్సిన పని వస్తే మాత్రం ఆమెకన్నా ముందు ఆయనే వంగుతాడు. నడిమధ్య మ్యాన్‌హోల్ మీద పొగ యంత్రం పెట్టి ఆన్ చేశారు. రెండు నిమిషాలు ఏమీ లేదు. మూడో నిమిషంలో మూడో ఇంటి డాబా మూలనుంచి తెల్లటి పొగ పోగులా లేచింది. ఆ పక్కింటి నుంచి ఇంకోటి. చూస్తుండగానే వీధికి రెండు వైపులా డాబాలన్నీ పొయ్యి వెలిగించినట్టు పొగలు కక్కడం మొదలుపెట్టాయి.

ఇక వీధి వీధంతా బయటే ఉంది. ఒకావిడ చీపురు తెచ్చి పొగను ఊడవబోయింది. ఇంకొకాయన అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ కొట్టాడు. వాళ్లు గంట మోగించుకుంటూ వచ్చి, యంత్రం పక్కన నిలబడ్డ మనిషిని చూసి, "మళ్లీ నువ్వేనా తల్లీ!" అని బండి వెనక్కి తిప్పుకున్నారు.

పొగమ్మ కాగితం మీద ఒక్కో ఇంటికీ గుర్తు పెట్టుకుంటూ పోయింది. యాభై రెండు ఇళ్లలో ఇరవై తొమ్మిది ఇళ్ల డాబా గొట్టాలు పొగ వదిలాయి. అందులో వీధి మధ్యలో ఉన్న రెండంతస్తుల ఇల్లు లెక్కల మాస్టారిది. రిటైరైనా ఆయన గొంతులో ఇంకా బెత్తం ఉంది.

"మాస్టారూ, మీ డాబా గొట్టంలోంచి పొగ వస్తోంది, చూడండి."

"చూస్తున్నా. నువ్వు వదిలావు కాబట్టి వస్తోంది."

"నేను వదిలింది మురుగు గొట్టంలోకండీ. అది మీ డాబా మీద తేలిందంటే రెండూ కలిపేశారన్నమాట."

"కలిపితే ఏమైంది? నీళ్లు నీళ్లే కదా?"

"వాన పడితే కింద కుట్టు పిన్నిగారింట్లోకి పొంగుతోందండీ."

"మా ఒక్క డాబా నీళ్లతో ఆవిడ కొంప మునుగుతుందా?"

ఆ పొద్దున ఆ మాట వినడం ఆమెకు పదకొండోసారి. మొదటి పదిసార్లూ ఓపిగ్గా చెప్పింది. పదకొండోసారికి ఓపిక అడుగంటింది. "లెక్కల మాస్టారు మీరే ఇలా అంటే ఎలాగండీ? ఇరవై తొమ్మిది ఒకట్లు కూడి చూడండి" అంది.

మాస్టారి మొహం ఎర్రబడింది. "నాకే లెక్కలు నేర్పుతావా! అసలు ఈ పని చేసిందెవరనుకున్నావు? మీ బావ! వెళ్లి ఆయన్నడుగు ముందు" అని గేటు ధడాల్న వేసేశాడు.

పక్కింట్లో అడిగితే పక్కింటావిడ అంది, "మీ బావగారే కదమ్మా." ఎదురింటాయన నవ్వుతూ, "ఇంకెవరు? టీ మేస్త్రే" అన్నాడు.

టీ మేస్త్రి అంటే, తెలియనివాళ్లు టీ తెగ తాగే మనిషనుకుంటారు. ఆయన టీ ముట్టడు. ఏ గొట్టం చిక్కుముడైనా ఒక్క టీ జాయింటుతో తేల్చేస్తాడని ఆ పేరు. ఇరవై రెండేళ్లుగా ఆ చుట్టుపక్కల ఏ ఇల్లు లేచినా గొట్టాల పని ఆయనదే. ఆయన పొగమ్మకు సొంత అక్క మొగుడు. ఆమెకు పన్నెండేళ్లప్పుడు తండ్రి పోతే, ఇంటికి తెచ్చుకుని చదివించింది ఆయనే. పుస్తకం ముందు కూర్చుని ఆమె కునుకు తీస్తే, నెత్తి మీద పైపు ముక్కతో మెల్లిగా టకటకలాడించేవాడు. డ్రైనేజీ విభాగంలో ఉద్యోగాలు పడ్డాయని కాగితం చింపుకొచ్చి ఆమె చేతిలో పెట్టిందీ ఆయనే.

సాయంత్రం ఆఫీసులో కూర్చుని ఆమె ఇరవై తొమ్మిది ఫారాలు నింపింది. ఇంటి నంబరు, యజమాని, లోపం, సరిచేయవలసిన తీరు. చివర్లో ఒక గడి ఉంది, కలిపిన పనివారి వివరం అని. మొదటి ఫారంలో ఆ గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. తర్వాత రాద్దాంలే అనుకుంది. రెండోదాంట్లోనూ అలాగే అనుకుంది. ఇరవై తొమ్మిదింటిలోనూ ఆ గడి ఖాళీగానే సెక్షన్ ఇంజనీరు బల్ల మీదికి వెళ్లింది.

ఆయన తిరగేసి, కళ్లద్దాలు పైకి జరిపి అడిగాడు. "ఇన్ని ఇళ్లలో కలిపిందెవరో ఒక్కరికీ గుర్తు లేదా?"

"పాత పనులండీ" అంది ఆమె. ఆ మాట నోటి నుంచి వచ్చాక తల ఎత్తలేకపోయింది.

నోటీసులు వెళ్లాయి. పదిహేను రోజుల్లో సరిచేసుకోవాలి. పదిహేను రోజులయ్యాయి, నెలయింది. ఒక్క ఇల్లూ కదల్లేదు. సగం మంది "చూస్తాం" అన్నారు. కొందరు ఇల్లు కట్టినప్పుడు మీరే అనుమతిచ్చారుగా అని ఎదురు కాగితం పంపారు. లెక్కల మాస్టారైతే నోటీసులో ఉన్న మూడు అక్షరదోషాలకు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి తిప్పి పంపాడు. ఇంజనీరు దగ్గరికి వెళ్తే, "చట్టప్రకారం ముందుకెళ్లాలంటే ఇంకో మెట్టుందమ్మా, దానికి పైనుంచి సంతకం కావాలి" అన్నాడు. పైకి వెళ్తే కింద నుంచి ఫైలు రావాలన్నారు. ఆమె మెట్లెక్కీ దిగీ అలిసిపోయింది తప్ప ఫైలు మాత్రం కుర్చీ వదల్లేదు.

అంతలో వానలు వచ్చేశాయి.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. పొగమ్మ రెయిన్‌కోటు వేసుకుని పరుగున ఆ వీధికి వెళ్లింది. చివరి మ్యాన్‌హోల్ మూత అప్పటికే గంతులేస్తోంది. కుట్టు పిన్నిగారి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల బండ పక్కకు ఒరిగిపోయింది, నల్లటి నీళ్లు వెనక గదిలోంచి ముందు గదిలోకి పాకుతున్నాయి. ఆ పూట ఒక బడికి ఇవ్వాల్సిన ముప్పై జతల యూనిఫాంలు మడతపెట్టి చాప మీద వరసగా పేర్చి ఉన్నాయి. పొగమ్మ అందినన్ని చేతుల్లోకి తీసుకుని మిషను మీద పెట్టింది. అడుగున ఉన్న పద్నాలుగు జతలు అప్పటికే తడిసిపోయాయి. తెల్ల చొక్కాల అంచుల మీద మురుగు గీత పడింది.

కుట్టు పిన్నిగారు అరవలేదు, తిట్టలేదు. మోకాళ్లదాకా చీర ఎత్తి దోపుకుని, ప్లాస్టిక్ చేటతో నీళ్లు బయటికి తోస్తూ, ఆమె మొహం చూడకుండానే అంది.

"నువ్వు పొగ వేసి చూశావు. ఎవరెవరో కనిపెట్టావు. కాగితాలు రాశావు. నాకు తెలుసమ్మా, నువ్వు పని చేశావు. నాకు మాత్రం ఏం మారలేదు."

పొగమ్మ మూలనున్న ఇంకో చేట అందుకుని గంటసేపు ఆవిడతో పాటు నీళ్లు తోసింది. వాన తగ్గాక, ఆ తడికాళ్లతోనే, ఆ బూట్లతోనే తిన్నగా అక్కా వాళ్లింటికి నడిచింది.

బావ వరండాలో కూర్చుని పాత కుళాయికి వాషరు మారుస్తున్నాడు. ఆమెను చూసి నవ్వాడు. "ఏంటే మరదలా, ఎక్కడ ఈత కొట్టి వస్తున్నావు?"

"నువ్వు తవ్విన చెరువులో బావా" అంది ఆమె.

ఆయన నవ్వు ఆగిపోయింది. అక్క లోపల్నుంచి తువ్వాలు తెచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆ వీధిలో ఇరవై తొమ్మిది ఇళ్లలో డాబా గొట్టాలు మురుగులో కలిపావు. ఇవాళ ఒక ముసలావిడ ఇంట్లో..."

"ఆగు. నేను కలిపానా? వాళ్లు కలపమన్నారు. వాకిట్లో నీళ్లు నిలవకూడదన్నారు. నిలవకుండా చేశాను. ఇరవై ఏళ్లలో నా గొట్టం ఒక్కటి కారిందని చూపించు, ఈ పానా నీ చేతిలో పెట్టేస్తా."

"కారడం లేదు బావా, అదే గొడవ! చుక్క పోకుండా అన్నీ తీసుకెళ్లి ఆవిడింట్లో పోస్తున్నాయి."

"అది మీ డిపార్ట్‌మెంటు చూసుకోవాలి. పెద్ద గొట్టం వేసుకోండి."

"పెద్ద గొట్టం వేస్తే నువ్వు పెద్ద టీ పెడతావు."

అక్కకు నవ్వొచ్చింది, మొగుడి మొహం చూసి ఆపుకుంది. బావ కుళాయిని నేల మీద ఠంగుమని పెట్టాడు. "ఆ టీలతోనే ఈ ఇల్లు నడిచింది. నువ్వు చదివిన చదువు కూడా. మర్చిపోకు."

ఎప్పుడూ అనని మాట అది. పొగమ్మ సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఫారాల నకళ్లు తీసింది. అక్కడే మెట్టు మీద కూర్చుని, "మర్చిపోలేదు కాబట్టే రెండు నెలలుగా ఈ గడి ఖాళీగా వదిలేశాను" అని, ఖాళీ గడిలో రాయడం మొదలుపెట్టింది. తడి చేతికి పెన్ను జారుతోంది. రెండు ఫారాలు రాసి మూడోది తీయబోతుంటే కన్నీళ్లు అక్షరాల మీద పడ్డాయి.

అక్క తువ్వాలు ఆమె తల మీద వేసి ఒత్తుతూ అంది. "రాయి. తప్పు చేస్తే రాయాల్సిందే. కానీ ముందు ఆ బూట్లు విప్పి, ఏదైనా తిని రాయి. కంపు కొడుతున్నావు."

బావ లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆమె వెళ్లేదాకా బయటికి రాలేదు.

నింపిన ఫారాలు మర్నాడే ఇంజనీరు బల్ల మీదికి వెళ్లాయి. నాలుగు రోజులు బావా మరదళ్ల మధ్య మాటల్లేవు. ఐదో రోజు పొద్దున ఆమె స్కూటరు తీస్తుంటే బావ వీధి మలుపులో నిలబడి ఉన్నాడు. భుజాన సంచి ఉంది. ఆమె వైపు చూడకుండా, "ఆవిడ ఇల్లెక్కడ?" అన్నాడు.

కుట్టు పిన్నిగారు తలుపు తీసి, ఎవరో గుర్తుపట్టి, పక్కకు జరిగింది. గోడల మీద మురుగు గీతలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, ఒక్కో వానకూ ఒకటి. బావ సంచిలోంచి టేపు తీసి పై గీత ఎత్తు కొలిచాడు. కొలవాల్సిన అవసరం ఏమీ లేదు. చేతులకు ఏదో పని కావాలని కొలిచినట్టు పొగమ్మకు అనిపించింది. ఆయన వెనక గదిలోకి వెళ్లి, మరుగుదొడ్డి దగ్గర చతికిలబడి, గొట్టం పోయిన తీరు చూశాడు.

"ఈ ఇంటి గొట్టం కూడా నేనే వేశాను" అన్నాడు మెల్లిగా.

"అవును నాయనా" అంది కుట్టు పిన్నిగారు. "బాగా వేశావు. ఎక్కడా కారదు."

ఆవిడ వెటకారంగా అనలేదు. అందుకే ఆ మాట ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది. బయటికి వచ్చాక చాలాసేపు మీసం కొరుక్కుంటూ నిలబడ్డాడు. గోడ దాటాక గొట్టం ఏమవుతుందో ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా తొంగిచూడలేదని, అలా చూడాలని తట్టనే లేదని మరదలితో అన్నాడు. తర్వాత ఆమె చేతిలోని జాబితా తీసుకుని చదివి, "తప్పు" అన్నాడు.

"ఏది తప్పు?"

"ఇరవై తొమ్మిది కాదు. ముప్పై ఏడు. ఎనిమిదిళ్లలో కంపు పైకి రాకుండా డాబా గొట్టం కింద వంపు పెట్టాను. వంపులో నీళ్లు నిలుస్తాయి. నీ పొగ వాటిని దాటి రాలేదు."

పొగమ్మకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అంత ఖరీదైన యంత్రం పట్టుకోలేనిది బావ బుర్రలో భద్రంగా ఉంది. ఆయన సుద్దముక్క తీసి, ఇంటింటి గోడ మీదా గొట్టం ఎక్కడ దిగిందో, జాయింటు ఎన్ని అడుగుల లోతున ఉందో గీసుకుంటూ పోయాడు. ఆ మధ్యాహ్నం ఆమె ఆ ఎనిమిది డాబాల మీదా ఆకుపచ్చ రంగు కలిపిన నీళ్లు పోయించింది. కింద మ్యాన్‌హోల్ పక్కన కూర్చున్న మూతల మామ, "వచ్చింది... ఇంకోటొచ్చింది... అబ్బో, ఇది చిలకపచ్చ!" అని అరుస్తూ లెక్కపెట్టాడు. ఎనిమిదికి ఎనిమిదీ వచ్చాయి.

నోటీసు తెస్తే తెరుచుకోని గేట్లు మేస్త్రి వెళ్తే తెరుచుకున్నాయి. వీధిలో అందరికీ ఆయన అలవాటైన మనిషి. టీ తీసేసి, ఆ చోట బిరడా బిగించి, డాబా గొట్టాన్ని వాకిలి కిందుగా కాలువ వైపు తిప్పాలి. ఇంటికి ఒకటిన్నర రోజు పని. అప్పటికే ఒప్పుకున్న పనులు ఆపుకుని, ఆయన వారానికి నాలుగిళ్లు తేల్చుకుంటూ వచ్చాడు. కొందరు మొహం మీదే అన్నారు, "కట్టేదీ నువ్వే, విప్పేదీ నువ్వే, బాగుంది నీ వ్యాపారం." ఆయన తల వంచుకుని తవ్వుకుంటూ పోయాడు.

లెక్కల మాస్టారు మాత్రం గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఆనాడు సరైన పని అన్నావు. ఈనాడు తప్పంటున్నావు. రెండూ నీ నోటి నుంచే వచ్చాయి. దేన్ని నమ్మమంటావు?"

"ఈనాటి మాట నమ్మండి మాస్టారూ. ఆనాడు నేను చూసి చెప్పలేదు."

"అయితే మళ్లీ చూసి రా" అని మాస్టారు గేటు వేసుకున్నాడు.

వానాకాలం సగం గడిచేసరికి ఇరవై ఆరు ఇళ్ల గొట్టాలు కాలువ వైపు తిరిగాయి. ఒక ఆదివారం పొద్దున మళ్లీ గట్టి వాన పడింది. పొగమ్మ కుట్టు పిన్నిగారింటికి పరిగెత్తింది. మరుగుదొడ్డిలో నీళ్లు లేచాయి, అంచు దాకా వచ్చాయి, అక్కడ బుడబుడమని కాసేపు ఊగాయి, ఆగాయి. కిందికి దిగాయి. కుట్టు పిన్నిగారు చాలాసేపు కదలకుండా చూసి, "ఆగిందే!" అంది. ఆవిడ మొహంలో నవ్వు చూడటం పొగమ్మకు అదే మొదటిసారి.

ఆ సంతోషం వీధిలోకి అడుగుపెట్టేదాకా కూడా నిలవలేదు. రోడ్డంతా చీలమండల దాకా నీళ్లు. తిప్పిన గొట్టాలన్నీ వానను చక్కగా కాలువలో పోశాయి. కానీ కాలువ ఎక్కడుంది? సగం దూరం దాని మీద దుకాణాలవాళ్లు మెట్లు కట్టుకున్నారు, మిగతా సగంలో ఇళ్లు కట్టినప్పటి సిమెంటు పెళ్లలూ ఇటుకముక్కలూ ఏళ్లతరబడి పేరుకున్నాయి. ఇన్నాళ్లూ నీళ్లు అందులోకి రాలేదు కాబట్టి ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు ఇరవై ఆరు డాబాల నీళ్లు వచ్చి నడిరోడ్డు మీద నిలబడ్డాయి.

"ఏమ్మా పొగమ్మా! ఒకావిడ ఇంట్లో నీళ్లు తీసి అందరి వాకిళ్లలో పోశావే!" అని ఒకావిడ గొడుగు కింద నుంచి అరిచింది. మాస్టారు పైఅంతస్తు వరండాలో నిలబడి, అచ్చం తన లెక్క సరిపోయినట్టు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. పొగమ్మకు ఏడవాలో అరవాలో తెలియలేదు. తను చెప్పిందంతా నిజమే. చేసిందంతా సరైనదే. అయినా ఆ పూట వీధిలో దొంగలా నిలబడాల్సి వచ్చింది.

సోమవారం వాన కాలువల విభాగానికి వెళ్లింది. అది తన ఆఫీసు మేడ మీదే, రెండో అంతస్తులో. అక్కడి అధికారి ఆమె కాగితం చదవకుండానే, "ఇది డ్రైనేజీ కదా? కింద ఇవ్వండి" అన్నాడు.

"నేను కింద నుంచే వచ్చానండీ."

"అయితే మీరే ఇచ్చుకోండి" అని తన హాస్యానికి తనే మురిసిపోయాడు.

ఆమె నవ్వలేదు. ఆయన బల్ల ముందున్న కుర్చీలో కూర్చుని, ఆయన సంతకం పెట్టి ముద్ర వేసిన రసీదు ఇచ్చేదాకా లేవలేదు. తర్వాత రెండు నెలల్లో అలా ఏడుసార్లు కూర్చుంది. నాలుగోసారికి ఆ గది బంట్రోతు ఆమె రాగానే ఫ్యాను ఆమె వైపు తిప్పేవాడు. ఈలోగా వీధిలో ఆరు ఇళ్లవాళ్లు వాకిట్లో నీళ్ల గోల భరించలేక, ఇంకెవరో మేస్త్రిని పిలిచి డాబా గొట్టాలను మళ్లీ మురుగులో కలిపించేసుకున్నారు. ఆ సంగతి బావే వచ్చి చెప్పాడు. తను చెమటోడ్చి చేసిన పని మీద ఇంకొకడు టీ పెట్టడం ఆయనకు అదే మొదటిసారి.

ఏడో రసీదు తర్వాత కాలువ పూడిక తీయడానికి మనుషులు వచ్చారు. సగం తీశారు. మెట్లున్న సగాన్ని ముట్టుకోలేదు. అంటే ఒక మాదిరి వానకు వీధి ఆరుతుంది, గట్టి వానకు ఆరదు. కుట్టు పిన్నిగారింట్లోకి ఆ ఏడాది మళ్లీ ఒకే ఒక్కసారి పొంగింది, అదీ వెనక గది దాటలేదు. ఆవిడ పద్నాలుగో ఫిర్యాదు రాసిచ్చింది. అందులో "మునుపటికన్నా నయం" అని ఒక వాక్యం ఉంది. పొగమ్మ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, ఫైలులో పెట్టింది.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున ఆమె ఆఫీసుకు వెళ్తుంటే, ఎగువ వీధిలో కొత్తగా లేస్తున్న ఐదంతస్తుల భవనం ముందు గుంత తవ్వి ఉంది. ఆమె స్కూటరు నెమ్మదించి తొంగిచూసింది. పై నుంచి దిగిన లావుపాటి డాబా గొట్టం, మురుగు గొట్టం, రెంటి మధ్యా మెరిసిపోతూ కొత్త టీ. గుంత పక్కన ఎవరో ఒక మేస్త్రి మట్టి పూడ్చడానికి పార అందుకుంటున్నాడు.

"ఆపండి" అంది ఆమె.

"ఎవరు మీరు?"

"డ్రైనేజీ విభాగం. ఇది తీసెయ్యాలి."

"ఓనరుగారిని అడగండి. నాకు పూడ్చమన్నారు, పూడుస్తున్నా."

"ఓనరుగారు ఎప్పుడొస్తారు?"

"ఏమో. రేపో, ఎల్లుండో."

ఆమె స్కూటరును గుంత అంచుదాకా తోసుకొచ్చి, ముందు చక్రం మట్టికుప్పలో దిగేలా అడ్డంగా నిలబెట్టి తాళం తీసి జేబులో వేసుకుంది. ఆఫీసుకు ఫోన్ చేసి ఇవాళ రానని చెప్పింది. బావకు ఫోన్ చేసి పానా, రంపం పట్టుకుని రమ్మంది. తర్వాత ఇటుకల దొంతర మీద రుమాలు పరుచుకుని, ఫారాల కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మేస్త్రి పార పట్టుకుని కాసేపు ఆమె వైపు, కాసేపు స్కూటరు వైపు చూశాడు. చివరికి పార కింద పడేసి, ఓనరుకు ఫోన్ కలపడం మొదలుపెట్టాడు.